కురుపాం మార్కెట్‌లో దొరికిన పోగుల అద్దం

ఇత్తడి చట్రం, రెండు మడతబందులు, అడుగున అంగుళం చదరపు కిటికీ, పైన రూపాయి బిళ్ళంత కటకం. విప్పి కాగితం మీద నిలబెడితే రెండంగుళాల ఎత్తు వస్తుంది. మడిస్తే జేబులో పడుతుంది. నేత బట్టలో అంగుళానికి ఎన్ని పడుగు పోగులు, ఎన్ని పేక పోగులు ఉన్నాయో లెక్కపెట్టడానికి పుట్టిన పనిముట్టు ఇది. కిటికీ అంచున అందుకే కొలబద్ద గీతలు ఉంటాయి. అచ్చు యంత్రాల దగ్గర రంగుల చుక్కలు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చున్నాయో లేదో చూడడానికీ వాడతారు. విశాఖ వన్ టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గర, కంసాలి పనిముట్లు అమ్మే ఒక చిన్న దుకాణంలో 750 రూపాయలకు కొన్నాను. అయిదు నెలలుగా రోజూ వాడుతున్నాను కాబట్టి దీని గురించి రాసే హక్కు ఉందనుకుంటున్నాను.

నేను మహారాణిపేటలో ఉంటాను. ఇరవై రెండేళ్లుగా తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దడమే పని. నిరుడు నేను దిద్దిన ఒక పుస్తకం అచ్చయి వచ్చాక తెరిచి చూస్తే, పేజీల అడుగున వచ్చే అధస్సూచికల్లో పదిహేడు చోట్ల ‘అర్థం’ ఉండవలసిన చోట ‘అర్ధం’ పడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రచురణకర్త ఏమీ అనలేదు, పాఠకులు కూడా పెద్దగా పట్టించుకోలేదు. కానీ పుస్తకమంతా మాటల అర్థాల గురించే. అందులో అర్థమంతా సగమైపోతే నా పని ఏమైనట్టు?

తెలుగు చదివేవారికి ఆ రెండు మాటల తేడా తెలుసు. కంటికి ఆ తేడా ఎంత ఉంటుందో మాత్రం అచ్చు పని చేసేవారికే తెలుస్తుంది. థ కడుపులో చుక్క ఉంటుంది, ధ కడుపులో ఉండదు. అంతే తేడా. అది కూడా మామూలు అక్షరంగా వస్తే ఫరవాలేదు. ‘అర్థం’లో అది ర కింద ఒత్తుగా వస్తుంది, అంటే అసలు అక్షరం కంటే చిన్నది. పన్నెండు పాయింట్ల అక్షరాల్లో ఆ చుక్క కనిపిస్తుంది. అధస్సూచిక తొమ్మిది పాయింట్లకు దిగేసరికి ఆవగింజలో పదో వంతు కూడా మిగలదు. దానికి తోడు ప్రింటరు సిరా కొంచెం పాకితే ధ కడుపు కూడా మూసుకుపోయి థ లాగా కనిపిస్తుంది. ఒకచోట చుక్క లేకపోయినా ఉన్నట్టు, మరోచోట ఉన్నా లేనట్టు. యాభై నాలుగేళ్ల కన్ను, పాత కళ్ళజోడు ఆ చుక్క దగ్గర ఓడిపోయాయి.

మొదట చేసిన తప్పు ఇంట్లో కూర్చుని ఫోనులో ఒక భూతద్దం తెప్పించుకోవడం. పెట్టె మీద ‘30 రెట్లు’ అని పెద్ద అక్షరాలతో ఉంది. అరచేయంత అద్దం, నల్లటి పిడి, వెలిగే చిన్న దీపాలు. అక్షరం మీద పెడితే రెండింతలకు మించి పెరిగిన జాడ లేదు. దాన్ని ఎండలోకి తీసుకువెళ్లి, సూర్యబింబం కాగితం మీద చిన్న చుక్కగా పడేదాకా జరిపి, ఆ దూరాన్ని స్కేలుతో కొలిచాను. పన్నెండు సెంటీమీటర్లు వచ్చింది. మామూలు కన్ను హాయిగా చదివే దూరాన్ని 25 సెంటీమీటర్లుగా తీసుకుంటారు. ఆ 25ని అద్దం నాభ్యంతరంతో, అంటే ఎండలో కొలిచిన ఆ దూరంతో, భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది. 25ని 12తో భాగిస్తే రెండు, ఆపైన కొంచెం. నిజంగా 30 రెట్లు కావాలంటే నాభ్యంతరం 8 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ మాత్రమే ఉండాలి. అరచేయంత వెడల్పున్న అద్దానికి అది కుదరని పని. రెట్లు పెరిగేకొద్దీ అద్దం చిన్నదవుతుంది, కనిపించే మేర కూడా కుదించుకుపోతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే ఎవరూ మోసపోరు. ఎండలో కొలిచేటప్పుడు కింద కాగితం కాలిపోకుండా, పిల్లలు దగ్గర లేకుండా చూసుకోండి.

అంతటితో ఆగలేదు. మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఉప్పు గాలికి మూడో నెలలోనే ఆ అద్దం మరలు తుప్పు పట్టాయి. వానాకాలం దాటేసరికి గాజు అంచుల్లో బూజు దారాలు పాకాయి. విశాఖలో కెమెరా ఉన్నవారికి ఈ బూజు బాధ కొత్త కాదు.

అప్పుడు మా పక్కింటి పిన్నిగారు కురుపాం మార్కెట్‌కు వెళ్లమన్నారు. బంగారు కొట్లు ఉన్నచోట కంసాలులు ఉంటారు, కంసాలులు ఉన్నచోట మంచి అద్దాలు ఉంటాయన్నది ఆవిడ మాట. కింగ్ జార్జ్ ఆసుపత్రి దగ్గరి కేజీహెచ్ డౌన్ మీదుగా ఆటోలో వెళ్లాను. దుకాణం ఒక సందులో ఉంది, ఇద్దరు నిలబడితే మూడోవారికి చోటు లేదు. గోడకు ఆకురాళ్ళు, పట్టకార్లు, మూసలు, చిన్న త్రాసులు. గాజు పెట్టెలో నల్లటి ఒరగల్లులు వరుసగా ఉన్నాయి. బల్ల వెనక డెబ్బై దాటిన పెద్దాయన కూర్చుని ఉన్నారు.

నేను ‘మంచి భూతద్దం కావాలి బాబాయిగారూ’ అన్నాను. ఎన్ని రెట్లది అని ఆయన అడగలేదు, ఎంతలో కావాలనీ అడగలేదు.

‘ఏమిటి చూడడానికమ్మా?’ అన్నారు.

సంచిలోంచి ప్రూఫు కాగితం తీసి ఆ ఒత్తు చూపించాను. ఆయన కాగితాన్ని వెలుగులోకి తిప్పారు. కంటికి ఒక పది రెట్ల అద్దం ఆనించుకుని, కాగితాన్ని ముక్కు దగ్గరకు తెచ్చుకుని చూశారు. తీసేసి మళ్లీ చూశారు. వేలి కొసతో ఆ చోటు తడిమారు. ‘చుక్క ఉంది. కానీ సిరా పొర్లింది’ అని, ‘ఇలాంటివి రోజుకు ఎన్ని చూడాలి?’ అన్నారు. ముప్పై పేజీలని చెప్పాను. ‘అయితే పది రెట్లది వద్దు. అందులో ఒకటి రెండు మాటలే పడతాయి, వరుస పట్టదు. మెడ పట్టేస్తుంది. మీ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఒక చేత్తో కలం పట్టుకోవాలి కదా’ అంటూ బల్ల కింది సొరుగులోంచి ఈ పోగుల అద్దం తీశారు.

అయిదు రెట్లది. చట్రం ఎత్తు కటకానికి సరిపోయేటట్టు కట్టి ఉంటుంది కనుక కాగితం మీద పెట్టగానే అక్షరం స్పష్టంగా నిలుస్తుంది. చేయి వణికినా అక్షరం వణకదు. నేను అక్కడే నిలబడి ఒక అధస్సూచిక మొత్తం చదివాను. ఆయన తొందరపెట్టలేదు. నా చేతి గాజు మీద హాల్‌మార్కు గుర్తులు కూడా చూడాలని ఉందన్నాను. గాజు లోపలి వంపు మీద ఈ చట్రం సరిగా కూర్చోదని చెప్పి పది రెట్ల అద్దం నా చేతిలో పెట్టారు. 22 క్యారెట్లని చెప్పే 916, దాని పక్కన అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు గుర్తుల సంఖ్య మొదటిసారి నా కళ్ళతో చదివాను. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ ఆరు గుర్తులు లేకుండా దుకాణాల్లో హాల్‌మార్కు బంగారు నగలు అమ్మకూడదు. ఆ నియమం గురించి పత్రికలో చదివాను కానీ, ఆ గుర్తులు నా చేతి మీదే ఉన్నాయని అప్పుడే తెలిసింది. ఆ అద్దం కూడా అమ్మవచ్చు కదా, అమ్మలేదు. ‘దీనితో మీకు పని లేదు’ అన్నారు.

ఇంటికి వచ్చే దారి పొడుగునా ఒక మాట నా నోట్లో నానుతూ ఉంది: పరిశీలించడం. ఆ పెద్దాయన నా కాగితాన్ని పరిశీలించారు. ఆ మాటకు అసలు అర్థం అంత నిండుగా కనిపించిన సందర్భం నాకు ఈ మధ్య కాలంలో లేదు.

ఎందుకంటే రోజూ ఆ మాట చాలా పలుచగా వినిపిస్తోంది. మా అమ్మ పింఛను కాగితాలు ఒక కార్యాలయంలో పదకొండు నెలలు ఉన్నాయి. వెళ్లిన ప్రతిసారీ ‘పరిశీలనలో ఉందండీ’ అన్నారు. ఆ కట్ట మీద తాడు ముడి కూడా విప్పలేదని నేను కళ్లారా చూశాను, ఎందుకంటే ఆ ముడి వేసింది నేనే. ఎవరూ తాకని కాగితానికి ఆ మాట ఎలా వాడతారు? కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది.

పరిశీలనం సంస్కృతం నుంచి వచ్చిన మాట. ‘శీల్’ అంటే అలవాటుగా మళ్లీ మళ్లీ చేయడం. శీలం అనే మాట కూడా అక్కడిదే. పరిశీలనానికి తొలి అర్థాల్లో తాకడం ఉంది, విడవకుండా అంటిపెట్టుకుని ఉండడం ఉంది. జయదేవుని అష్టపది పాడుకునేవారికి ఇది కొత్త కాదు: ‘లలిత లవంగలతా పరిశీలన’ అన్నచోట మలయమారుతం లవంగ తీగలను చూడడం లేదు, తాకుతోంది. తాకి తాకి మెత్తనవుతోంది. దుకాణంలో ఆ పెద్దాయన వేలి కొస కాగితం మీద తిరిగినప్పుడు నాకు ఆ గాలే గుర్తొచ్చింది.

పరీక్షించడం వేరు. పరి, ఈక్ష కలిసి పరీక్ష. చుట్టూ తిరిగి చూడడం. తల్లి కడుపులో ఉన్నప్పుడు తాను చూసిన పురుషుడు వీరిలో ఎవరా అని మనుషులందరినీ పరికించి చూశాడు కనుక పరీక్షిత్తుకు ఆ పేరు వచ్చిందని భాగవతం చెబుతుంది. పరీక్షకు ఒక ప్రశ్న ముందే ఉంటుంది, ఒప్పో తప్పో తేలాలి. ఒరగల్లు మీద బంగారం గీసి చూసేది పరీక్ష. ఇక నిరీక్షణ సంగతి మరీ చిత్రం. అదే ఈక్ష ధాతువు, సంస్కృతంలో చూడడమే. హిందీలో నిరీక్షకుడు అంటే తనిఖీ చేసే అధికారి. మన దగ్గర నిరీక్షించేవాడు గుమ్మం బయట ఎదురుచూసే మనిషి. మా అమ్మ కాగితాల విషయంలో లోపల పరిశీలన అన్నారు, బయట మేము నిరీక్షించాము. ఇదే ఈక్ష ఉపేక్షలో కూడా ఉందని ఆ పదకొండు నెలల్లో చాలాసార్లు అనుకున్నాను.

ఈ అద్దంతో నేను దిద్దిన మొదటి పుస్తకం విశాఖకూ భీమిలికీ మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బల గురించి. రాసినవారు భూగర్భశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న మాస్టారు. ఒక అధ్యాయం పంతొమ్మిది పేజీలు, అందులో ‘పరిశీలించాను’ అనే మాట నలభై మూడు సార్లు వచ్చింది. ఇసుకను పరిశీలించాను, పొరలను పరిశీలించాను, నిశితంగా పరిశీలించాను, క్షుణ్ణంగా పరిశీలించాను. ప్రతి దాని పక్కన పెన్సిలుతో ‘ఏమి చేశారు?’ అని రాసి పంపాను. ఆయన ఫోను చేశారు.

‘పరిశీలించాను అంటే పరిశీలించాననే కదమ్మా. ఇందులో తప్పేముంది?’

‘తప్పు లేదు మాస్టారూ. చదివేవారికి మీ చేతులు కనిపించడం లేదు.’

కొంచెం నొచ్చుకున్నారు. అయినా మర్నాడు ఇంటికి రమ్మన్నారు. వెళ్లేసరికి బల్ల మీద పాత ఫిల్ము డబ్బా, మెడలో దారానికి వేలాడే పది రెట్ల అద్దం సిద్ధంగా ఉన్నాయి. డబ్బాలోంచి చిటికెడు ఎర్ర ఇసుక నా అరచేతిలో పోశారు. అద్దాన్ని ఇసుక దగ్గరకు తీసుకువెళ్లబోతే ఆపారు. ‘అలా కాదమ్మా. అద్దం కంటికి ఆనించు. చెయ్యి చెంపకు ఆనించు, కదలదు. ఇసుకను కంటి దగ్గరకు తీసుకురా. రెండో కన్ను మూయకు, అలసిపోతుంది.’ కురుపాం మార్కెట్‌లో ఆ పెద్దాయన పట్టుకున్న తీరు సరిగ్గా ఇదే. ఒకరిది బంగారం, ఒకరిది ఇసుక. ఇద్దరి చేతులకూ ఒకటే అలవాటు.

చూశాను. ఎర్రది ఇసుక కాదు. పలుకులు పటికబెల్లం లాగా తేటగా ఉన్నాయి, వాటి మీద కుంకుమ అంటినట్టు ఒక పొర. గుంటల్లో చిక్కగా, నున్నటి చోట పలుచగా. ‘ఇనుము తుప్పు’ అన్నారు మాస్టారు. ‘లోపలిది స్ఫటిక శిల. పైన ఐరన్ ఆక్సైడు పూత. దిబ్బల రంగంతా ఆ పూతదే.’ చిన్నప్పటి నుంచి ఆ దిబ్బల మీద వనభోజనాలు చేశాను, ఎర్ర కాళ్ళతో ఇంటికి వచ్చి తిట్లు తిన్నాను. ఆ ఎరుపు ఎక్కడుందో యాభై నాలుగో ఏట తెలిసింది.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని నలభై మూడు చోట్లా ఒక్కొక్కటిగా తరచి చూశాము. తరచడం అంటే చిలకడం. తరికుండలో పెరుగు చిలికినట్టే మాటను అడిగి అడిగి చిలకాలి. ‘ఇక్కడ ఏమి చేశారు?’ అంటే ‘జల్లెడ పట్టి తూచాను’ అన్నారు. అలాగే రాశాము. మరోచోట ‘రెండు పొరలు కలిసే దగ్గర మేకు దిగ్గొట్టి, వాన పడిన ప్రతిసారీ వెళ్లి మట్టి ఎంత తరిగిందో కొలిచాను’ అన్నారు. నలభై మూడింట తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిది చోట్లా ఆయన నిజంగా ఒకే రాయి దగ్గర గంటలు గంటలు కూర్చున్నారు కనుక పరిశీలించాను అనే మాటను కదపలేదు.

విశేషణాల దగ్గర కాస్త వాదన జరిగింది. నిశితం అంటే సానపట్టినది, కత్తి అంచు. క్షుణ్ణం అంటే దంచి పొడి చేసినది. ఇసుకను జల్లెడ పట్టినచోట క్షుణ్ణంగా అంటే ఒప్పుకున్నాను. ‘వాగుల గట్లను కూలంకషంగా పరిశీలించాను’ అన్న వాక్యం దగ్గర మాత్రం పట్టుబట్టాను. కూలం అంటే గట్టు, కూలంకషం అంటే గట్లను ఒరుసుకుంటూ కోసుకుపోయేది. నిండుగా పారే ఏటికి పెట్టిన మాట. వాన నీరు ఆ దిబ్బలను కోసే తీరు అదే కదా, గట్లు విరిగి పడి నిట్టనిలువు గండ్లు ఏర్పడతాయి. ‘ఈ మాట వాగుకు ఇచ్చేద్దాం మాస్టారూ’ అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత కలం తీసి తానే దిద్దుకున్నారు: ‘వాగులు ఈ గట్లను కూలంకషంగా చదివి వెళ్లాయి. నేను వాటి వెనకాల నడిచాను.’ ఇరవై రెండేళ్లలో నా ముందు ఒక రచయిత రాసిన ఉత్తమ వాక్యం అది.

అద్దం లోటుపాట్లు కూడా చెప్పాలి. కిటికీ అంచుల దగ్గర అక్షరాలు కొద్దిగా వంగుతాయి, నీలి రంగు చాయ కనిపిస్తుంది. నడిమి ముప్పావు భాగమే నమ్మదగినది. ఒక్కో వరుసకు నాలుగైదు సార్లు జరపాలి కనుక పుస్తకమంతా దీనితో చదవడం కుదరదు. నేను మామూలుగా చదివి, అనుమానం వచ్చిన చోట మాత్రమే పెడతాను. పరిశీలించులో గుడి, గుడిదీర్ఘం తేడా, ఢ కింద ఒత్తు, ఠ నడుమ చుక్క, వీటికి చక్కగా సరిపోతుంది. మడతబందు కొత్తలో బిగుతుగా ఉండి గోరు విరిగింది, ఒక చుక్క కొబ్బరినూనె వేశాక సర్దుకుంది. సంచి ఇవ్వలేదు, పాత పట్టు జాకెట్టు ముక్కతో కుట్టుకున్నాను. ఇత్తడి నల్లబడుతుంది, చింతపండుతో మాత్రం తోమకండి, కటకం అంటించిన చోట పులుపు దిగుతుంది. పొడి గుడ్డ చాలు. బూజు రాకుండా బియ్యం డబ్బాలో పెట్టమని కొందరు చెబుతారు కానీ బియ్యం పొడి గాజుకు అంటుకుంటుంది. నేను మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లాలు పోగుచేసి వాటితో పాటు ఉంచుతున్నాను. అయిదు నెలల్లో ఒక్క మచ్చ రాలేదు.

అద్దానికి అయిదుకు నాలుగు ఇస్తాను. దుకాణానికి అయిదుకు అయిదు. నగలకైతే పది రెట్లది అడగండి, నేత బట్టకైనా అచ్చుకైనా ఇదే తీసుకోండి. నేను వెళ్లిన రెండుసార్లూ మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనానికి తలుపు దగ్గరకు వేశారు, కనుక ఉదయమే వెళ్లడం మేలు. సందులోకి కారు రాదు, పూర్ణా మార్కెట్ వైపు దిగి నడవాలి. ఏమి చూడాలనుకుంటున్నారో ఆ వస్తువును వెంట తీసుకువెళ్లండి, ఆయన మొదట అడిగేది అదే.

మాస్టారి పుస్తకం గత వారం అచ్చయి వచ్చింది. మొదట అధస్సూచికలు తెరిచి, ‘అర్థం’ వచ్చిన ఆరు చోట్లా అద్దం నిలబెట్టి చూశాను. ఆరు చుక్కలూ ఉన్నాయి. అయిదో దాంట్లో సిరా కొంచెం పొర్లింది.